నాయకత్వం ముందా, వ్యక్తిత్వ వికాసం ముందా?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందు చెబుతాను. ఎనిమిది నెలల క్రితం మీకు తొమ్మిది మంది ఉన్న జట్టును అప్పగించారు. అప్పటిదాకా మీ పనిలో మీకు తిరుగు లేదు. ఇప్పుడు రోజంతా మాటలతోనే గడిచిపోతోంది, సాయంత్రం వెనక్కి చూసుకుంటే చేసిందేమీ కనబడటం లేదు, కుంచించుకుపోతున్నట్టు ఉందన్నారు. మీరు స్వతహాగా మితభాషి. జట్టులో మీకంటే పదకొండేళ్ల అనుభవం ఎక్కువ ఉన్న ఒకాయన మీ మాటను లెక్కచేయడం లేదు. నాయకత్వం కూడా ఒక రకమైన వ్యక్తిత్వ వికాసమేనని అందరూ అంటున్నారు, అది నిజమా లేక శిక్షణ తరగతుల్లో చెప్పే తీపి మాటా అని, అలాంటి తరగతులకు వెళ్లాలా అని అడిగారు. చివర్లో ఇంకో వాక్యం రాశారు: "ముందు నా భయాలు, నా తొందరపాటు సరిచేసుకుని, ఆ తర్వాత ఈ బాధ్యత తీసుకుని ఉంటే బాగుండేదేమో."

నిజమే, నాయకత్వం మనిషిని పెంచుతుంది. కానీ మీ చివరి వాక్యంలోని వరుసతో నేను ఏకీభవించను. నా సమాధానమంతా దాని గురించే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మంచి సామెతే. అయితే నాకు తెలిసిన ఎందరో సమర్థులు దీన్ని వాయిదా వేయడానికి వాడుకున్నారు. కోపం తగ్గాక, ధైర్యం వచ్చాక, మాట తీరు చక్కబడ్డాక బాధ్యత తీసుకుంటామని ఏళ్ల తరబడి ఆగిపోయారు. ఒంటరిగా కూర్చుని పోగొట్టుకోగల కోపం ఎంతో కాలం నిలవదు. తొమ్మిది మంది ఎదురుగా నిలబడి, అందులో ఒకరు మాట తప్పి, ఇంకొకరు మౌనంగా ఉండి, గడువు రేపే అయినప్పుడు గానీ మన కోపం ఎంతో మనకు తెలియదు. నీళ్లలోకి దిగకుండా ఈత నేర్చుకున్నవారు లేరు. మిమ్మల్ని మీరు సరిచేసుకునే చోటు ఈ జట్టే.

నా సంగతి కొంచెం చెప్పాలి. యంత్రాల రూపకల్పన రంగంలో 26 ఏళ్లు పనిచేశాను. మొదటి ఏడేళ్లు నా బల్ల, నా లెక్కలు, నా డ్రాయింగులు. ఆ తర్వాత నలుగురి జట్టు, తర్వాత పదిహేను మంది, చివరికి అరవై మంది. ఇప్పుడు కొత్తగా జట్టు బాధ్యత తీసుకున్నవారితో కూర్చుని మాట్లాడటమే నా ముఖ్యమైన పని. మీలాంటి ప్రశ్న దాదాపు ప్రతి ఒక్కరూ మొదటి ఏడాదిలో అడుగుతారు. అడగనివారి గురించే నాకు ఎక్కువ దిగులు.

ముందుగా ఆ మితభాషి సంగతి తేల్చేద్దాం. నాయకులు పుడతారా, తయారవుతారా అన్న చర్చ చాలా పాతది. రాల్ఫ్ స్టాగ్‌డిల్ అనే పరిశోధకుడు 1948లో అప్పటిదాకా వచ్చిన ఎన్నో పరిశోధనలను పరిశీలించి, కొన్ని గుణాలు ఉన్నంత మాత్రాన ఎవరూ నాయకులు కారని, ఒక సందర్భంలో రాణించిన మనిషి మరో సందర్భంలో రాణించకపోవచ్చని రాశాడు. 2006లో కవలల మీద జరిగిన ఒక అధ్యయనం, ఎవరు నాయకత్వ స్థానాల్లోకి వెళ్తారన్న విషయంలో మనుషుల మధ్య కనబడే తేడాల్లో సుమారు 30 శాతం పుట్టుకతో వచ్చినదానితో ముడిపడి ఉందని తేల్చింది. మిగిలిన పెద్ద భాగం ఎక్కువగా ఒక్కొక్కరికీ ఎదురైన అనుభవాలకు చెందుతుంది. 2011లో వచ్చిన మరో పరిశోధన మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరి ఇద్దరు కలిసి పిజ్జా దుకాణాల బృందాలను పరిశీలించారు. చొరవ ఉన్న ఉద్యోగులు పనిచేసే చోట, గలగలా మాట్లాడే నాయకుల కంటే నెమ్మదస్తులైన నాయకుల కింద ఫలితాలు బాగున్నాయి. మాట్లాడేవారు చొరవను తమకు పోటీగా చూసి అడ్డుకుంటారు, నెమ్మదస్తులు వింటారు. మీ స్వభావాన్ని మార్చుకోవలసిన పని లేదు. మౌనంగా ఉండటం వేరు, అందుబాటులో లేకుండా ఉండటం వేరు. ఆ తేడా మీ జట్టుకు కనబడితే చాలు.

ఇక కుంచించుకుపోతున్నానన్నారే, ఆ మాట దగ్గర కొంచెం ఆగుదాం.

ఇంతకాలం మీకు పేరు తెచ్చినవి ఏవి? తప్పు లేకుండా చేయడం, అందరికంటే త్వరగా జవాబు కనిపెట్టడం, ఇతరుల మీద ఆధారపడకపోవడం. ఈ మూడూ ఇప్పుడు ఎదురు తిరుగుతాయి. త్వరగా జవాబు చెప్పే నాయకుడి జట్టు ఆలోచించడం మానేస్తుంది. ఎవరి మీదా ఆధారపడని నాయకుడి జట్టుకు తన మీద నమ్మకం పోతుంది. మోర్గన్ మెకాల్, మైకేల్ లాంబార్డో అనే పరిశోధకులు 1983లో ఒక పోలిక చేశారు. పెద్ద పదవుల దాకా వెళ్లి నిలదొక్కుకున్నవారు ఒకవైపు, మంచి ఆశలు రేపి మధ్యలో పట్టాలు తప్పినవారు మరోవైపు. పట్టాలు తప్పినవారికి తెలివి తక్కువై కాదు. ఎదుటివారి పట్ల కటువుగా ఉండటం, అహంకారం, నమ్మకాన్ని వమ్ము చేయడం, పని పంచలేకపోవడం వంటివి కారణాలుగా తేలాయి. వాటిలో కొన్ని ఒకప్పుడు వారిని పైకి తెచ్చిన బలాలే. వయసు పెరిగాక చిన్నప్పటి చొక్కా బిగుతైనట్టు, మీకు బిగుతుగా అనిపిస్తున్నది మీ పాత విజయం. మీరు తగ్గిపోలేదు.

నాకు ఇది తెలిసిన రోజు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. పదిహేను మంది జట్టుకు బాధ్యత వహిస్తున్న రెండో ఏడాది. ఒక యువ ఇంజనీరు షాఫ్టు మీద పడే బరువు లెక్కలో ఒక అంకె తప్పుగా తీసుకున్నాడు. తప్పు అతనికే కనబడింది. కానీ నాకు చెప్పింది పదకొండు రోజుల తర్వాత. అప్పటికి విడిభాగాలు తయారీకి వెళ్లిపోయాయి, సగం పారవేయాల్సి వచ్చింది. లెక్క తప్పినందుకు కాదు, పదకొండు రోజులు దాచినందుకు నాకు బాధ కలిగింది. ఎందుకు చెప్పలేదని అడిగాను. నేను ఎవరినీ ఎప్పుడూ గొంతు పెంచి మందలించలేదు, ఆ విషయంలో నాకు లోలోపల గర్వం కూడా ఉండేది. అతను చాలాసేపు తల వంచుకుని, తర్వాత అన్నాడు: "మీరు తిట్టరు సార్. తిడితే బాగుండును. కాగితం వంక చూసి ఒక నిట్టూర్పు విడుస్తారు. రెండుసార్లు మీ బల్ల దాకా వచ్చి, అది తలచుకుని వెనక్కి వెళ్లిపోయాను."

ఆ నిట్టూర్పు గురించి నాకు తెలియనే తెలియదు. ఇంటికి వెళ్లి నా భార్యను అడిగాను. "పెళ్లయినప్పటి నుంచీ ఉన్నదే" అంది.

ఒక కాగితం, ఒక నిట్టూర్పు, పదకొండు రోజుల భయం. ఏ వ్యక్తిత్వ వికాస తరగతిలోనూ ఇది నాకు దొరికేది కాదు. అక్కడ నా నిట్టూర్పుకు భయపడవలసిన అవసరం ఎవరికీ లేదు కాబట్టి ఎవరూ దాన్ని నాకు చూపించరు. నా కింద పనిచేసే మనిషి మాత్రమే, దాని ధర చెల్లిస్తున్నవాడు మాత్రమే చూపించగలడు.

మార్చుకోవాలనుకున్న మర్నాడే అది మారలేదు. దాదాపు రెండేళ్లు పట్టింది. జట్టులో అందరికంటే నిర్మొహమాటంగా మాట్లాడే ఒకామెను, నేను నిట్టూర్చినప్పుడల్లా బల్ల మీద పెన్నుతో ఒకసారి తట్టమని అడిగాను. మొదటి వారంలో ఆ చప్పుడు విని నాకు చిరాకు వచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత నిట్టూర్పు రాబోతున్నట్టు ముందే తెలియసాగింది. ఇంకో పని కూడా చేశాను. ఎవరైనా చెడు వార్త తెస్తే నా నోటి నుంచి వచ్చే మొదటి వాక్యాన్ని ముందే నిర్ణయించుకున్నాను. అంతకుముందు నేను అడిగేది "ఎప్పుడు తెలిసింది?" అని. ఆ ప్రశ్న మామూలుగానే వినిపిస్తుంది, కానీ వినేవారికి అది విచారణ. దాని బదులు "చెప్పడం మంచిదైంది, ఇప్పుడు ఏం చేయగలం?" అనడం అలవాటు చేసుకున్నాను. ఎప్పుడు తెలిసిందో, ఎలా జరిగిందో తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. కొన్నాళ్లకు మా అమ్మాయి తనకు తక్కువ మార్కులు వచ్చిన సంగతి తనంతట తానే వచ్చి చెప్పింది. దానికీ దీనికీ సంబంధం ఉందని నిరూపించలేను, కానీ నేను మాత్రం నమ్ముతాను.

చాలా ఏళ్ల తర్వాత ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలి పని గురించి తెలిసినప్పుడు ఆ పదకొండు రోజులు గుర్తొచ్చాయి. 1990లలో ఆమె ఆసుపత్రి బృందాలను పరిశీలించింది. మంచి బృందాల్లో మందుల విషయంలో పొరపాట్లు తక్కువగా ఉంటాయన్నది ఆమె అంచనా. లెక్కలు చూస్తే మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. కారణం వెతికితే, ఆ బృందాల్లో పొరపాట్లను బయటికి చెప్పుకోగల ధైర్యం ఉంది. మిగతా చోట్ల అవి దాగిపోతున్నాయి. మీ జట్టు నుంచి చెడు వార్తలు మీ దాకా రావడం లేదంటే సంతోషించకండి. అవి ఎక్కడో ఆగుతున్నాయి, ఎక్కువసార్లు మీ ముఖం దగ్గరే.

అధికారం చూపును కూడా మారుస్తుంది. 2006లో ఆడమ్ గాలిన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక చిన్న ప్రయోగం చేసింది. కొందరిని తమకు ఇతరుల మీద అధికారం ఉన్న సందర్భాన్ని, మరికొందరిని ఇతరులకు తమ మీద అధికారం ఉన్న సందర్భాన్ని గుర్తుచేసుకోమన్నారు. తర్వాత అందరినీ తమ నుదుటి మీద ఇంగ్లిషు అక్షరం 'ఈ' రాసుకోమన్నారు. ఆ అక్షరాన్ని ఎదుటివారు చదవగలిగేలా రాయవచ్చు, తనకు సరిగ్గా ఉండి ఎదుటివారికి తిరగబడి కనబడేలా కూడా రాయవచ్చు. తమ అధికారాన్ని తలచుకున్నవారే ఎక్కువగా తమ వైపు నుంచి రాసుకున్నారు. కాసేపు తలచుకుంటేనే అలా ఉంటే, రోజూ కుర్చీలో కూర్చునేవారి మాట ఏమిటి? చెడ్డవారు కావడం వల్ల ఇలా జరగదు, కుర్చీ వల్ల జరుగుతుంది. అందుకే మంచితనం ఒక్కటే సరిపోదు, ఎదుటివారి వైపు నుంచి చూడటాన్ని పనిగట్టుకుని సాధన చేయాలి. నేను ప్రతి సమావేశానికి ముందు ఒక్క నిమిషం ఒక ప్రశ్న వేసుకుంటాను: ఈ గదిలోకి అందరికంటే అయిష్టంగా వస్తున్నది ఎవరు, ఎందుకు? చాలాసార్లు జవాబు తెలియదు. తెలియదని తెలిసిన రోజు ఆ మనిషి దగ్గరికి వెళ్లి మాట్లాడతాను.

మాటల గురించి ఒక విషయం చెప్పాలి, ఇది మన తెలుగుకు సంబంధించిన విషయం. మన భాషలో కర్త లేకుండా తప్పును చెప్పుకునే సదుపాయం ఉంది. "పొరపాటు జరిగింది", "ఆలస్యమైంది", "సమాచారం అందలేదు." ఎవరు చేశారు? ఎవరూ చేయలేదు, వర్షం పడినట్టు పడింది. "మనం", "మేము" అనే రెండు వేర్వేరు మాటలు కూడా మనకు ఉన్నాయి. ఎన్నో భాషల్లో ఈ తేడా ఒక్క మాటలో చెప్పడం కుదరదు. "మేము బాగా చేశాం" అని పైఅధికారి దగ్గర చెప్పి, జట్టు దగ్గరికి వచ్చి "మనం చెడగొట్టాం" అనే నాయకులను చాలామందిని చూశాను. తప్పు పూర్తిగా తనదైనప్పుడు "మనం" అనడం దాన్ని పంచిపెట్టడమే. ఒక నెల రోజులు మీ మాటల్లో కర్తలను గమనించండి. "నేను మరిచిపోయాను", "నేను తప్పుగా అంచనా వేశాను" అనే వాక్యాలు నోటికి ఎంత బరువుగా ఉంటాయో తెలుస్తుంది. ఆ బరువు ఎత్తడమే వ్యాయామం.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఒక చిన్న కాగితం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 5న, ఫ్రాన్సులోని నార్మండీ తీరం మీద దాడికి ముందు రోజు, మిత్రపక్షాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ దాడి విఫలమైతే విడుదల చేయడానికి ఒక ప్రకటన రాసి జేబులో పెట్టుకున్నాడు. సైనికులు, వైమానిక దళం, నావికాదళం చేయగలిగినదంతా చేశారని, తప్పంటూ ఉంటే అది తన ఒక్కడిదేనని దాని సారాంశం. రాసేటప్పుడు, సేనలు ఉపసంహరించబడ్డాయి అనే అర్థంలో ఉన్న ముక్కను కొట్టేసి, సేనలను నేను ఉపసంహరించాను అని దిద్దాడు. తేదీ కూడా పొరపాటున జూలై 5 అని వేశాడు, ఆ రాత్రి ఆయన మనసు ఎంత ఒత్తిడిలో ఉందో ఊహించవచ్చు. అంత ఒత్తిడిలోనూ కర్మణి వాక్యాన్ని కర్తరిగా మార్చాడు. ఆ కాగితం అవసరం పడలేదు. కానీ అంతటి నిర్ణయానికి ముందు ఆ వాక్యం రాసుకున్న మనిషిలో ఏదో స్థిరపడి ఉంటుంది. నా పరిధి చాలా చిన్నదే అయినా, ముఖ్యమైన నిర్ణయం తీసుకునే ముందు, అది బెడిసికొడితే జట్టు ముందు ఏం చెబుతానో రెండు వాక్యాలు రాసుకునే అలవాటు నాకు ఇక్కడి నుంచే వచ్చింది. ఆ రెండు వాక్యాలు రాయలేకపోయిన నిర్ణయాలను రెండుసార్లు మానుకున్నాను కూడా.

కోపం విషయం త్వరగా చెబుతాను, మీరు తొందరపాటు అన్నది దీన్నే అనుకుంటున్నాను. అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు తర్వాత, 1863 జూలై 14న, శత్రుసేన తప్పించుకుపోయిందని తెలిసి అధ్యక్షుడు లింకన్ తన సేనాధిపతి మీడ్‌కు తీవ్రమైన ఉత్తరం రాశాడు. పంపలేదు. అది ఆయన కాగితాల్లో, సంతకం చేయలేదు, పంపలేదు అన్న గుర్తుతో దొరికింది. కోపాన్ని మింగమని మీకు చెప్పను, మింగితే అది నిట్టూర్పుగా బయటికి వస్తుంది, నా అనుభవమే సాక్ష్యం. రాయండి, పూర్తిగా రాయండి, మర్నాడు చదవండి. అందులో నిజంగా చెప్పవలసింది ఒక వాక్యం ఉంటుంది. దాన్ని మాత్రం ఎదురుగా కూర్చుని చెప్పండి.

చెప్పేటప్పుడు మనిషి మీద కాకుండా పని మీద ఉండండి. క్లూగర్, డెనిసి అనే ఇద్దరు 1996లో, ఇతరుల పనితీరు మీద చెప్పే వ్యాఖ్యల ప్రభావం గురించి జరిగిన ఎన్నో పరిశోధనలను కలిపి చూశారు. మొత్తం మీద వ్యాఖ్యలు మేలు చేస్తున్నాయి, కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు ఇంకా దిగజారింది. వినేవారి దృష్టి పని మీద నుంచి తమ మీదికి, తమ విలువ మీదికి మళ్లినప్పుడు ప్రయోజనం తగ్గుతుందని వారి వివరణ. "మీరు నిర్లక్ష్యంగా ఉంటున్నారు" అంటే ఆ మనిషి రాత్రంతా తనను తాను సమర్థించుకుంటాడు. "మూడో పేజీలోని ఈ అంకె రెండో పేజీతో సరిపోవడం లేదు, ఎక్కడ తేడా వచ్చింది?" అంటే ఆ అంకె కోసం వెతుకుతాడు. పొగడ్తకూ ఇదే వర్తిస్తుంది. "మీరు మేధావి" అనే మాట ఏమీ నేర్పదు.

మీరు ఎదుగుతున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి? నేను దీన్ని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. తొలి రోజుల్లో సెలవు పెడితే నా ఫోను గంటకోసారి మోగేది. నేను లేకుండా ఏదీ కదలదని అప్పుడు ఎంతో తృప్తిగా ఉండేది. 1930ల చివర్లో, హిట్లర్ జర్మనీని వదిలి అమెరికా వచ్చిన మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్, తన సహచరులు లిపిట్, వైట్‌లతో కలిసి పదేళ్ల అబ్బాయిల బృందాలతో చేసిన ప్రయోగం ఒకటి ఉంది, 1939లో ప్రచురితమైంది. కొన్ని బృందాల్లో పెద్దవారు అన్నీ తామే నిర్ణయించి ఆజ్ఞాపించారు, కొన్నింటిలో పిల్లలతో చర్చించి నిర్ణయించారు. ఆ పెద్దవారు గదిలో ఉన్నంతసేపు ఆజ్ఞలు నడిచిన చోట కూడా పని బాగానే సాగింది. బయటికి వెళ్లగానే అక్కడ పని కూలబడింది, చర్చించి నిర్ణయించిన చోట దాదాపు అలాగే కొనసాగింది. ఈ ప్రయోగం గురించి చదివిన రాత్రి, నేను తృప్తి పడిన ఫోను మోతకు అసలు అర్థం అదేనని తెలిసి నిద్ర పట్టలేదు. కొన్నేళ్ల తర్వాత ఇంట్లో అనారోగ్యం వల్ల పన్నెండు రోజులు రాలేకపోయాను. ఫోను రెండుసార్లు మోగింది, రెండూ ఆరోగ్యం ఎలా ఉందని అడగడానికే. తిరిగి వచ్చేసరికి నేను తీసుకునేదానికి పూర్తిగా భిన్నమైన ఒక నిర్ణయం తీసుకుని అమలు చేసేశారు. అది నా నిర్ణయం కంటే మంచిది. ఒక్క క్షణం గుండెలో ఏదో గుచ్చుకుంది, దాచను. ఆ తర్వాత కలిగిన సంతోషం మాత్రం నా ఉద్యోగ జీవితంలో ఇంకే పురస్కారానికీ కలగలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నాయకత్వాన్ని వ్యక్తిత్వ వికాసంగా చూడటంలో ఒక ప్రమాదం దాగి ఉంది. జట్టులోని మనుషులు మన ఎదుగుదలకు సాధనాలైపోతారు. "నేను ఓర్పు నేర్చుకుంటున్నాను" అనుకుంటూ ఒక అసమర్థుడి భారాన్ని ఏళ్ల తరబడి మిగతా ఎనిమిది మంది మీద మోపిన నాయకుణ్ని నేను చూశాను. ఆయన ఓర్పు పెరిగింది, జట్టు విరిగిపోయింది. సేవకుడే నాయకుడు అనే ఆలోచనను 1970లో ముందుకు తెచ్చిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్, ఒక పెద్ద టెలిఫోను సంస్థలో దశాబ్దాల పాటు పనిచేసిన మనిషి. ఆయన పెట్టిన పరీక్ష సూటిగా ఉంటుంది: మీ వల్ల మేలు పొందవలసినవారు మనుషులుగా ఎదుగుతున్నారా? ఇంకా వివేకవంతులు, స్వతంత్రులు అవుతున్నారా? మీరు ఎదిగారా అన్న ప్రశ్నకు నాకు తెలిసిన నమ్మదగిన సాక్ష్యం మీ చుట్టూ ఉన్నవారిలోనే ఉంటుంది, మీ డైరీలో ఉండదు.

ఇది అందరికీ తప్పనిసరి అని కూడా నేను అనను. రెండేళ్లు మనస్ఫూర్తిగా చేసి, తనకు ఒంటరిగా చేసే పనిలోనే ఆనందం ఉందని గ్రహించి వెనక్కి వెళ్లిన మంచి మిత్రుడు నాకు ఉన్నాడు. ఆ రెండేళ్ల తర్వాత అతను జట్టులో ఎంత మంచి సభ్యుడయ్యాడో చెప్పలేను. దాన్ని ఓటమి అనేవారితో నేను వాదిస్తాను. అలాగే, తప్పు ఒప్పుకున్నవారిని శిక్షించే సంస్థలు కొన్ని ఉంటాయి. అలాంటి చోట మీ జట్టు వరకు ఒక గొడుగు పట్టగలరు, అంతకు మించి చేయలేకపోతే అది మీ లోపం కాదు.

తరగతుల గురించి, శిక్షణల గురించి అడిగారు. వెళ్లండి, కానీ వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మనం నేర్చుకునేదాంట్లో డెబ్భై వంతులు కష్టమైన పనుల నుంచి, ఇరవై వంతులు మనుషుల నుంచి, పది వంతులే తరగతుల నుంచి అనే లెక్క బాగా ప్రచారంలో ఉంది. అధికారులు తమ అనుభవాలను గుర్తుచేసుకుని చెప్పినదాని నుంచి వచ్చిన గుండ్రని అంకెలు అవి, కొలిచి తేల్చిన సూత్రం కాదు. అయినా దిశ సరైనదే. తరగతి కంటే మీకు ఉపయోగపడేవి రెండున్నాయి, రెండింటికీ ఒక నోటు పుస్తకం చాలు. ఒకటి నిర్వహణ మీద ఎన్నో పుస్తకాలు రాసిన పీటర్ డ్రక్కర్ తాను పాటించి, ఇతరులకు సూచించినది: ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా దాని వల్ల ఏం జరుగుతుందని అనుకుంటున్నారో రాసి పెట్టుకుని, తొమ్మిది నెలలకో ఏడాదికో జరిగినదానితో పోల్చి చూడటం. నేను పద్నాలుగేళ్లుగా రాస్తున్నాను. యంత్రాల గురించిన నా అంచనాలు బాగానే నిలిచాయి. మనుషుల విషయంలో మొదటి మూడేళ్లు పదే పదే ఒకే రకంగా తప్పాను: గట్టిగా మాట్లాడేవారి సామర్థ్యాన్ని ఎక్కువగా, నెమ్మదిగా మాట్లాడేవారి సామర్థ్యాన్ని తక్కువగా అంచనా వేశాను. రాసి ఉండకపోతే ఈ సంగతి చచ్చినా ఒప్పుకునేవాణ్ని కాదు. రెండోది 1970లలో అమెరికా సైన్యంలో రూపుదిద్దుకున్న సమీక్ష పద్ధతి. పని ముగియగానే అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది, ఈసారి ఏం చేద్దాం. ఇందులో మీరు చేయవలసిన కష్టమైన పని ఒక్కటే. మూడో ప్రశ్నకు మొదటి జవాబు మీ గురించి మీరే చెప్పాలి. మీరు మొదలుపెట్టకపోతే అక్కడ మర్యాద మాటలు తప్ప ఏమీ వినబడవు.

చివరగా, మీకంటే పదకొండేళ్లు పెద్ద అనుభవం ఉన్న ఆయన గురించి. ఆయన్ను పక్కన పెట్టి, ముఖ్యమైన పనులు తప్పించి, మెల్లగా దూరం జరగాలని మీకు అనిపిస్తూ ఉండవచ్చు. మీ ఉత్తరంలో ఆ ఛాయ కనబడింది. అలా చేయకండి. 1915లో అంటార్కిటికా మంచులో ఓడ చిక్కుకుని నలిగిపోయాక, ఆ యాత్రకు నాయకుడైన షాకిల్టన్ తన మనుషులను గుడారాలకు పంచినప్పుడు, అసంతృప్తిని రేపగలరని తాను అనుకున్నవారిని తన గుడారంలోకే తీసుకున్నాడు. ఆ ఓడలోని 28 మందీ ప్రాణాలతో బయటపడటానికి ఎన్నో కారణాలున్నాయి, ఇది కూడా వాటిలో ఒకటని నేను అనుకుంటాను.

రేపు ఆయన దగ్గరికి మీరే వెళ్లండి, మీ గదికి పిలవకండి. ఎనిమిది నెలల్లో తాను చూసినదాన్ని బట్టి మీరు ఎక్కడ తప్పు చేస్తున్నారో చెప్పమని అడగండి. మొదట ఏమీ లేదంటారు. ఆ తర్వాతి మౌనాన్ని మీరు నింపకండి. మితభాషి కావడం అక్కడ మీకు పనికొస్తుంది. ఆయన చెప్పేదాంట్లో సగం అన్యాయంగా అనిపిస్తుంది, సమర్థించుకోవాలని నాలుక కొసదాకా వస్తుంది. రాసుకోండి, కృతజ్ఞతలు చెప్పి వచ్చేయండి. వారం రోజుల్లో ఆయన చెప్పినవాటిలో ఒక్కటి మార్చి, మార్చానని ఆయనకు చెప్పండి. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తప్పకుండా రాయండి, మిగతాది అక్కడి నుంచి మాట్లాడుకుందాం.